తెలుపంటే ఇదీ అని

పుంటా అరేనస్‌లో గాలికి ఒకటే సరదా,
మైకు కనిపిస్తే చాలు, అందులో దూరి ఉమ్మడం.
మొదటిరోజు మేం రికార్డు చేసిందంతా అదే.
నలభై నిమిషాల గాలి,
మధ్యలో ఎక్కడో యాస్నా గొంతు, చేపముల్లంత.

బడి బీరువాలో ఉన్నది ఒక్కటే కెమెరా.
రెమీహియో మాస్టారు పుస్తకంలో సంతకం పెట్టించుకుని
రెండురోజులకని ఇచ్చాడు,
పసిగుడ్డుని అందిస్తున్నట్టు
మెడ కింద చెయ్యి పెట్టమంటూ.
బ్యాటరీలు మూడు. వాటిలో ఒకటి చచ్చిపోయింది,
ఏదో ఎవరికీ గుర్తులేదు.

"ఆటోలో మాత్రం పెట్టకండి" అన్నాడు.
"పిడుగుకీ బియ్యానికీ అది ఒకటే మంత్రం చదువుతుంది.
ముందు దానికో తెల్ల కాగితం చూపించండి.
తెలుపంటే ఇదీ అని మీరు చెబితే
తక్కిన రంగులు అదే పోల్చుకుంటుంది."

కాగితం పట్టుకునే ఉద్యోగం నాది.
ఎలియెసెర్ ఫోకస్ తిప్పుతాడు,
స్పీకర్లో పాట మోగుతుంటే యాస్నా పెదాలు కలుపుతుంది.
నేను ఆమె ముఖం ముందు ఒక్క క్షణం తెల్లగా నిలబడి
పక్కకి తప్పుకుంటాను.
క్లాపు బోర్డు లేదు, వంటింటి చెక్కలు రెండు తెచ్చి కొట్టాం.
తర్వాత తెలిసింది, ఆ ఒక్క చప్పుడే
కంప్యూటర్లో నిట్టనిలువు గీతై
పెదాలనీ పాటనీ ఒకచోట కట్టేస్తుందని.

రెండోరోజు రేవు దగ్గర
గాలి నా కాగితం లాక్కుని జలసంధికి ఇచ్చేసింది.
యాస్నా తొడుక్కున్నది వాళ్ళమ్మ కోటు.
దాని జేబులో దొరికిందొక మడత చీటీ,
పీతల ఫ్యాక్టరీ రాత్రి షిఫ్టుది, వెనకవైపు ఖాళీ.
తొమ్మిదిన్నరైనా పొద్దు వాలని డిసెంబరు వెలుతురులో
మా ముగ్గురికీ అది తెల్లగానే కనిపించింది.

గులాబి. లేత గులాబి.

మర్నాడు ల్యాబులో ఫైళ్ళు తెరిస్తే
సముద్రం ఆకుపచ్చ, ఆకాశం ఆకుపచ్చ,
యాస్నా నాచు పట్టిన రాయిలా పాడుతోంది.
ఎలియెసెర్ నవ్వాడు. ఆమె నవ్వలేదు.
తప్పు నా చేతులది కాబట్టి
కుర్చీలో కూర్చోవడం నా వంతైంది.

వారం రోజులు.
సాఫ్ట్‌వేర్ పాతది, నాలుగు షాట్లకోసారి బిగుసుకుపోతుంది.
సేవ్ మీట నొక్కీ నొక్కీ నా చూపుడువేలికి అదే అలవాటైంది,
అన్నం తింటూ కూడా బల్లమీద నొక్కేదాన్ని.
ఆకుపచ్చ పోవాలంటే దాన్ని చెరపకూడదట,
ఎదురు రంగు కలపాలట.
ఆ ఎదురు రంగు గులాబి!
చీటీ మింగిన దాన్నే
బొట్టుబొట్టుగా తిరిగి పోశాను.
ఎక్కువైతే యాస్నాకి జ్వరం, తక్కువైతే నాచు.

ప్రదర్శన రోజు హాల్లో గ్యాసు హీటరు వాసన.
వాళ్ళమ్మ డ్యూటీకి పోతూ పోతూ వచ్చింది,
రబ్బరు బూట్లతో, వెనక వరసలో, కుర్చీ అంచున.
నలభైయొక్క షాట్లు. నేను దిద్దినవి నలభై.
ముప్పైరెండోది మరిచిపోయాను.
పెట్టెల పక్కన చేతులు ముడుచుకున్న యాస్నా
గోడంత ఆకుపచ్చగా వెలిగింది.
నా చెవులు కాలిపోయాయి.

వెనకనుంచి వాళ్ళమ్మ మాట,
నాతో కాదు, పక్కామెతో:
"మా దీపాల కింద అందరం ఇలాగే ఉంటాం.
ఇది మా షిఫ్టుకి ఎప్పుడొచ్చిందే?"

మాస్టారు అర మార్కు కోసి
'రంగు: ఒక షాటు మిగిలింది' అని రాశాడు.
న్యాయమే.

చీటీ ఇంకా తిరిగివ్వలేదు, నా పెన్నుల డబ్బాలో ఉంది.
ఆరోజు ముందువైపు చూడనేలేదు:
పేరు, పది నుంచి ఆరు, పెట్టెలు నూట పద్దెనిమిది,
కింద తడిచేత్తో పెట్టిన సంతకం,
సగం అలుక్కుపోయి.